పిల్లలతో సహా భోజనానికి పిలిస్తే: నా అనుభవం

మొన్న ఆదివారం రాత్రి మా ఆయన స్నేహితుల కుటుంబాలు మూడింటిని భోజనానికి పిలిచాం. అత్తయ్యతో కలిపి పెద్దవాళ్ళం తొమ్మిది మందిమి, మా ఇద్దరితో కలిపి పిల్లలు ఏడుగురు. హైదరాబాద్ నిజాంపేటలో మాది రెండు పడకగదుల ఫ్లాట్. అసలు శనివారం అనుకున్నాం కానీ, వచ్చేవాళ్ళలో రెండిళ్ళవాళ్ళు ఆ రోజు నీచు ముట్టరు. అందుకే ఆదివారానికి మార్చాం.

వంట గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2 కిలోల చికెన్, కిలోంపావు బియ్యంతో బగారా అన్నం, గుత్తివంకాయ, పెరుగు చట్నీ, సేమ్యా పాయసం. చికెన్‌లో కారం వేయకముందే పిల్లలకి కొన్ని ముక్కలు పక్కకు తీసి, ఉప్పూ పసుపూ వేసి విడిగా ఉడికించాను. వాళ్ళకి ముద్దపప్పు, నెయ్యి, ఆలూ వేపుడు. 7 గంటలకల్లా ఏడుగుర్నీ వరసగా కూర్చోబెట్టి ముందు వాళ్ళకి పెట్టేశాం. ఇది మాత్రం తప్పకుండా పాటించండి. ఆకలి మీదున్న పిల్లల మధ్య పెద్దవాళ్ళు ప్రశాంతంగా ఒక్క ముద్ద కూడా తినలేరు. నా గుత్తివంకాయ గిన్నె అడుగు కనిపించేదాకా ఊడ్చేశారు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

8 దాటాక పెద్దవాళ్ళకి వడ్డిస్తున్నాను. పిల్లల గది నుంచి మా చిన్నది పరిగెత్తుకొచ్చి, "అమ్మా, బుజ్జిగాడు బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టేసుకున్నాడు" అంది. బుజ్జిగాడంటే మా ఆయన స్నేహితుడి కొడుకు, మూడేళ్ళవాడు.

ఆ గడియ నేల నుంచి మూడడుగులు కూడా ఉండదు. సరిగ్గా వాడి ముక్కుకి ఎదురుగా ఉంటుంది. ముందుకు తోసి, దాని కొమ్ముని గాడిలోకి కిందికి దించేశాడు. మళ్ళీ తీయడం వాడికి తెలియదు. మాది ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్ కాబట్టి బాత్రూంలో బకెట్, పక్కన చిన్న డ్రమ్ము ఎప్పుడూ నిండా పట్టి ఉంచుతాను. ఆ నీళ్ళు గుర్తుకొచ్చేసరికి నా కాళ్ళు వణికిపోయాయి. అంత చిన్న పిల్లలకి బకెట్ అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు చాలు, ప్రాణం మీదికి రావడానికి. తల కిందికి పడితే వాళ్ళంతట వాళ్ళు లేవలేరు.

మా ఆయన తలుపు తన్నబోయారు. బుజ్జిగాడి నాన్న ఆపేశారు, తలుపు లోపలికే తెరుచుకుంటుంది, అటువైపు నిలబడింది పిల్లవాడు. వాచ్‌మన్ స్క్రూడ్రైవర్ తెచ్చాడు, కానీ బందులన్నీ లోపలి వైపే ఉన్నాయి. వెంటిలేటర్ పైపులు దిగే డక్ట్‌లోకి ఉంది, మేముండేది మూడో అంతస్తు. కార్పెంటర్ ఫోన్ ఎత్తలేదు. లోపల వాడు ఏడుపు మొదలుపెట్టాడు, బయట వాళ్ళమ్మ తలుపు కొడుతూ ఏడుస్తోంది.

సరిగ్గా అప్పుడే వచ్చినవాళ్ళలో ఒకావిడ, అందరూ వింటుండగా, "పిల్లలున్న ఇంట్లో ఇంత కిందికి గడియ పెట్టుకుంటారా ఎవరైనా? ఇవి చూసుకోకుండా ఇన్ని రకాలు వండి ఏం లాభం?" అంది. నా చేతిలో గరిటె అలాగే ఉంది. ఆ గదిలో పదిమంది నా వైపు చూశారు. ఒక్క మాట కూడా నోట్లోంచి రాలేదు. ఆవిడ చెప్పింది తప్పని నేను అనను. కానీ తలుపవతల పసివాడు ఏడుస్తుంటే ఆ మాట అనాల్సిన సమయం అదా? ఆపదలో ఉన్న ఇంట్లో నిలబడి తప్పులు ఎంచేవాళ్ళ వల్ల ఎవరికీ ఏ మేలూ జరగదు. చేతనైతే సాయం చేయాలి, లేకపోతే నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాలి. మూడు రోజులైనా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు.

దారి చూపింది మా అత్తయ్య. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, నేల మీద బోర్లా పడుకుని తలుపు కింద సందులోంచి పేకముక్క ఒకటి లోపలికి నెట్టారు. "నాన్నా బుజ్జీ, రాజుగారొచ్చారు చూడు. మళ్ళీ నాకు పంపించెయ్" అన్నారు. కాసేపటికి ఏడుపు ఆగింది. పేకముక్క బయటికి వచ్చింది. ఇంకోటి నెట్టారు, అదీ వచ్చింది. అలా వాడు బకెట్ దగ్గరికి పోకుండా తలుపు దగ్గరే కూర్చున్నాడు.

ఈలోగా నాలుగో తరగతి చదివే మా పెద్దమ్మాయి మా గదిలోని బాత్రూంకి వెళ్ళి, అలాంటి గడియే ఎలా తీయాలో చూసుకుని వచ్చింది. మా అత్తయ్య పక్కన పడుకుని, "బుజ్జీ, గడియకి తొండం ఉంది కదా, ఏనుగులాగా దాన్ని పైకెత్తు. ఎత్తావా? ఇప్పుడు నీ దగ్గరికి లాక్కో" అంది. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి టక్కుమంది. బయటికొచ్చినవాడి చేతిలో ఇస్పేటు రాజు, బట్టల మీద నీటి చుక్క లేదు. మొత్తం 18 నిమిషాలు. తొమ్మిదేళ్ళ పిల్లకి తట్టిన ఉపాయం అంతమంది పెద్దవాళ్ళం మాకు తట్టలేదు. నా కూతురని చెప్పడం కాదు, అక్కడున్న అందరూ అదే మాటన్నారు.

మళ్ళీ అన్నీ వేడి చేసి వడ్డించాను. బుజ్జిగాడి వాళ్ళమ్మ మాత్రం, "వద్దక్కా, గొంతు దిగట్లేదు" అంది. ఆమె వాటా డబ్బాల్లో సర్ది ఇచ్చాను.

మీరు పిల్లలున్నవాళ్ళని పిలుస్తుంటే వంటల చిట్టా రాసుకునే ముందు బాత్రూం బకెట్లు, డ్రమ్ములు ఖాళీ చేయండి. గీజర్ ఆపేయండి. ఎవరైనా లోపల ఇరుక్కుపోతే తలుపు మీద బలం చూపించకండి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మాకు ఆ టెన్షన్‌లో తోచనే లేదు. అయిదేళ్ళలోపు పిల్లల చేతికందేలా వేరుశెనగలు, పల్లీ చిక్కీలు పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఒక పెద్దమనిషి అరగంట చొప్పున పిల్లల గదిలోనే కూర్చోవాలి, వంతులు వేసుకోండి. వంట చేసే మనిషిని ఆ వంతులోకి లాగకండి.

ఈ ఇంట్లో చేరినప్పుడే గడియలు పైకి బిగించమని కార్పెంటర్‌కి చెప్పాను. "అందరిళ్ళలో ఇంతే మేడమ్" అని తోసిపుచ్చాడు, నేనూ ఊరుకున్నాను. అతన్ని ఇంక గడప తొక్కనివ్వను. సోమవారం పొద్దున్నే వేరే అతన్ని పిలిపించి రెండు బాత్రూంల గడియలూ పీకించి, బయట నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయగలిగే తాళాలు పెట్టించాను. తలుపుల మీద పాత కన్నాలు అలాగే ఉన్నాయి, పుట్టీ ఇంకా పెట్టించలేదు.

నిన్న బుజ్జిగాడి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. డబ్బాలోని వంకాయ కూర మర్నాడు తిన్నారట. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాను, వస్తామంది. తప్పులు ఎంచిన ఆవిడని మాత్రం పిలవను. బుజ్జిగాడికి ఏమిష్టమో ఈసారి ముందే అడిగాను. పెరుగన్నంలో దానిమ్మ గింజలట.