స్ప్రూస్ చెట్ల కింద పీట్

కెనడాలోని ఉత్తర క్యూబెక్ బంకమట్టి నేలల్లో నల్ల స్ప్రూస్ అనే సూదాకు చెట్ల అడవి చూసినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. మణికట్టంత కాండమున్న చెట్టుకు వందేళ్లు ఉండవచ్చని తెలిసి నిలబడిపోయాను.

కారణం కాళ్ల కిందే ఉంది. చనిపోయిన స్ఫాగ్నం నాచు ఆ చలికి, తడికి పూర్తిగా కుళ్లదు; పొరలుగా పేరుకుని పీట్ అవుతుంది. అది మందమయ్యేకొద్దీ వేర్లకు అసలు నేల దూరమవుతుంది. నీరు నిలిచి గాలి అందదు, వేసవిలోనూ వెచ్చదనం దిగదు, నత్రజని కుళ్లని నాచులోనే చిక్కుకుపోతుంది. పాపం, చెట్టు కాండం నుంచే కొత్త వేర్లు వేసుకుంటూ నెట్టుకొస్తుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది కార్చిచ్చు సంగతి. మంట పీట్‌ను లోతుగా కాలిస్తే తర్వాతి తరం చెట్లు ఏపుగా పెరుగుతాయి. పైపైన కాలితే మాత్రం మొదటి నుంచే గిడసబారతాయి. గడ్డకట్టిన నేల మీద చలికాలంలో చెట్లు నరికినా అంతే, పీట్ చెక్కుచెదరదు. అయినా దాన్ని శత్రువనలేను. అంత కార్బన్‌ను పట్టి ఉంచుతున్నదీ అదే కదా!