ఎండలు ముదిరేలోపు చిత్తూరు పెరట్లో చేయాల్సిన పనులు

పంచాంగంలో వసంతం ఉగాదికి మొదలైనా, చిత్తూరులో మొక్కలకు అది శివరాత్రికే వచ్చేస్తుంది. చలి శివశివా అంటూ పోగానే కానుగ ఆకు రాలుస్తుంది, వేప చిగురేస్తుంది, మామిడి పూత పిందెలవుతుంది. ఉగాది దాటి నెల తిరిగేసరికి మధ్యాహ్నం పూట మిద్దె మీద అరికాలు మోపలేం. మధ్యలో దక్కేది రెండు నెలలే. ఆలోపు వేరు ఎంత లోతుకు దిగితే మే నెలలో మొక్క అంత నిలబడుతుంది. అందుకే ఇప్పుడు కొమ్మల కంటే వేళ్ల సంగతి ముందు చూసుకోవాలి.

మొదట చేయాల్సింది, వీధిలో ఊడ్చి తగలబెట్టే కానుగాకు, వేపాకు బస్తాల్లోకి ఎత్తిపెట్టుకోవడం. వేసవంతా మన ఎర్రనేలకు కప్పు అదే. బాగా నీళ్లు పెట్టిన మరుసటి రోజు పాదులో మూడంగుళాల మందాన పరచాలి. కాండం చుట్టూ మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలాలి. ఆకు కాండానికి ఆనితే తడికి మొదలు కుళ్లుతుంది, పొడిగా ఉంటే చెద పడుతుంది. పరిచే ముందు పాదులో గుప్పెడు వేపపిండి చల్లితే చెద బెడద తగ్గుతుంది.

ఇక మల్లె. ఈ కాలంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీనికే. గుండుమల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. అందుకే నేలలో ఉన్న పొదను సంక్రాంతి నాటికే అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసెయ్యాలి. అప్పుడు చేయనివాళ్లు ఇప్పుడు మొదలంటా కొట్టకండి, పూత బాగా వెనక్కి పోతుంది. కొసలు జానెడు తుంచి, ఎండుపుల్లలు తీసేస్తే చాలు. పొదకు అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి పది కిలోల మాగిన పశువుల ఎరువు వేసి మట్టి కప్పాలి. కుండీలో అయితే నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు సరిపోతుంది. చెనిక్కాయ (వేరుశనగ) చెక్క నేరుగా వేస్తే చీమలు పడతాయి, పులిసేటప్పుడు వేడికి లేతవేళ్లు మాడతాయి. మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్లను పదింతలు పలచన చేసి పొయ్యండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట మాత్రం ఎంత ఎరువు వేసినా ఆకే తప్ప పువ్వు రాదు.

మల్లెకు ఎక్కువగా వచ్చే చిక్కు లేతాకు పసుపెక్కడం. ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం మాత్రం పాలిపోతే అది ఇనుప ధాతువు లోపం. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అనుమానమే అక్కర్లేదు. మట్టిలో ఇనుము ఉన్నా ఆ సున్నం వల్ల వేరుకు అందదు, అందుకే ఎరువు పెంచినా తగ్గదు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, అర నిమ్మకాయ పిండి, వడకట్టి సాయంత్రం ఆకు తడిసేలా పిచికారీ చేయాలి. పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొడితే కొత్తాకు పచ్చబడుతుంది. కలిపిన నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే పారబోసి మళ్లీ కలుపుకోండి, నిల్వ పెట్టొద్దు.

మొగ్గ ఊదా రంగుకు తిరిగి చిన్న రంధ్రం కనిపిస్తే లోపల పురుగున్నట్టే. అలాంటి మొగ్గల్ని ఏరి, నీళ్లలో ముంచి చంపాలి, చెట్టు కింద పడేస్తే లాభం లేదు. తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టండి. నూనెను ముందు కొన్ని చుక్కల సబ్బు ద్రవంతో గిలక్కొట్టి ఆపైన నీళ్లు కలపాలి, లేకపోతే నూనె పైకి తేలి ఆకును మాడుస్తుంది. పూత విడత అయ్యాక పూసిన కొమ్మను రెండు కణుపుల కింద తుంచితే మళ్లీ చిగురు, మళ్లీ మొగ్గ.

కూరగాయల్లో బెండ, మటిక్కాయ (గోరుచిక్కుడు), సొర, బీర, కాకర విత్తనాలు ఫిబ్రవరి దాటకుండా పడాలి. ఎండ పెరిగేకొద్దీ తీగలకు మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి, ఆలస్యంగా వేసిన సొరపాదు పందిరంతా పాకి కాయ లేకుండా నిలబడేది అందుకే. బెండ విత్తనం రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున, అడుగు దూరంలో వెయ్యండి. ఈనెలు పసుపెక్కిన బెండ మొక్కకు మందు లేదు. తెల్లదోమ పక్కవాటికి అంటించకముందే పీకెయ్యాలి.

తీగలకు పిందె పసుపెక్కి రాలిపోతుంటే పుప్పొడి అందలేదేమో చూడండి. ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. మగపువ్వు రేకులు తీసి, ఆడపువ్వు మధ్యభాగానికి మెత్తగా రుద్దాలి. వేళ ముఖ్యం. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున. సొరపువ్వుకు మధ్యాహ్నం చేసే పని వృథా.

మిద్దె తోటకు ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు. కుండీల్ని ఇటుకల మీద నిలబెట్టండి, కాంక్రీటు వేడి నేరుగా వేళ్లకెక్కదు. నీళ్లు ఉదయం ఏడులోపే. ఎండెక్కాక పోయాల్సి వస్తే పైపులో నిలిచిన మొదటి నీళ్లు బకెట్లో పట్టి పక్కన పెట్టాలి, ఏప్రిల్‌లో అవి చేయి కాలేంత వేడిగా ఉంటాయి. అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోస్తేనే వేరు కిందికి దిగుతుంది, మట్టిలో పేరుకున్న ఉప్పూ కొట్టుకుపోతుంది. పైపైన తడిపితే వేరు పైనే ఉండి ఎండకు చస్తుంది. ఆకుకూరలకు ఏప్రిల్ మొదట్లోనే 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. కాయకూరలకు అంత నీడ ఎక్కువ.

పెరట్లో తోతాపురి మామిడి చెట్టున్నవాళ్లకు ఒక్కమాట. పూత మీద ఏ మందూ కొట్టొద్దు, తేనెటీగలు పోతాయి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టండి, అదీ చెట్టు మొదలు దగ్గర కాకుండా కొమ్మల కొసల కింద, మధ్యాహ్నపు నీడ అంచున.

వేపపువ్వు ఉగాది ఒక్కరోజుకే కాదు, ఏడాదికి సరిపడా ఇప్పుడే దాచుకోవచ్చు. దుమ్ము పడే రోడ్డు పక్క చెట్టు వద్దు. తెల్లవారకముందే చెట్టు కింద పాత పంచె పరిస్తే రాలినపువ్వు శుభ్రంగా దొరుకుతుంది. కాడలు ఏరి, ఒకసారి కడిగి, పలచగా ఆరబోసి, వేళ్ల మధ్య గలగలమనేదాకా ఎండనివ్వాలి. తేమ మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది. చారులో వేసేటప్పుడు పువ్వును నేతిలో విడిగా వేయించి, పొయ్యి ఆపాక కలపండి. చారుతో పాటు మరిగిస్తే చేదు దిగి గిన్నెడూ పాడవుతుంది.