మా వాడి పరుగు, నా కాపలా

కొండల్లో పరుగు చూడ్డానికి పోవడమంత దండగమారి పని ఇంకోటి లేదు. క్రికెట్ అయితే ఒకచోట కూర్చుంటే ఆటంతా కళ్ళముందే జరుగుతుంది. ఇక్కడ గంటలకొద్దీ కాపలా కాస్తే మనవాడు ఒక్క నిమిషం కనిపించి, నోట్లో ఏదో కుక్కుకుని మళ్ళీ మాయమైపోతాడు.

పైగా ఇది పందెం కూడా కాదు, ప్రాక్టీసు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఎక్కడో కొండల మధ్య చెరువున్న ఊళ్ళో జరిగే అల్ట్రా మారథాన్‌కి డబ్బు కట్టాడు. మారథాన్ 42.195 కిలోమీటర్లు, అంతకు మించితే అల్ట్రా అట. దానికి ముందు మన తిరుమల కొండ మీద ఒళ్ళు సరిచూసుకుంటానని, తోడుగా నన్ను రమ్మన్నాడు. వాడి అసలు కల ఇంకా పెద్దది. ఫ్రాన్సులో షామొనీ నుంచి బయల్దేరి ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా మాంట్ బ్లాంక్‌ని చుట్టి వచ్చే పరుగు, 2003లో మొదలైందట. సుమారు 170 కిలోమీటర్లు, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు 10,000 మీటర్ల దాకా. అలిపిరి నుంచి తిరుమలకి పద్నాలుగు సార్లు ఎక్కితే ఎంతో అంత. నలభై ఆరున్నర గంటల్లో ముగించకపోతే లెక్కలోకి రాదట. నిద్ర సంగతి అడిగితే నవ్వాడు.

చిత్తూరులో చీకటితోనే అల్ట్రా పల్లెవెలుగు ఎక్కా. శనివారం కదా, గాదంకి టోల్‌గేటు దాకా ఒంటికాలి మీదే ప్రయాణం. వాడు అప్పటికే కళ్యాణి డ్యామ్ దగ్గర మొదలుపెట్టి, రంగంపేట మీదుగా శ్రీనివాస మంగాపురం దాటేశాడు. శ్రీవారి మెట్టు దగ్గర దొరికాడు. పన్నెండు వేలు పెట్టి కొన్న బూట్లు విప్పి, వీపు సంచికి కట్టుకుని మెట్లకి దండం పెట్టాడు. అక్కడి నుంచి పైకి 2,388 మెట్లు. తీరా చూస్తే వాడు పరిగెత్తడం లేదు, మోకాళ్ళ మీద చేతులు ఆనించి నడుస్తున్నాడు! ఇంతోటి దానికి నన్ను చిత్తూరు నుంచి లాక్కొచ్చావా అన్నా.

"నిలువుగా ఉన్నచోట అందరూ నడుస్తారు మామా. పరిగెత్తేది దిగేటప్పుడే. తొడలు పట్టేసేది కూడా అప్పుడే, అడుగడుక్కీ బ్రేకు వేయాలి కదా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వాడు అటు ఎక్కి అలిపిరి వైపు దిగాలి. నేను అలిపిరికి చేరి పాదాల మండపం దగ్గర చతికిలబడ్డా. కాగితం కప్పులో రెండు గుక్కల కాఫీకి ఇరవై రూపాయలు తీసుకున్నారు, అదీ చల్లారింది. ఎదురుగా జనం స్వామివారి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణలు చేస్తున్నారు. ఒక పిల్లాడి తలమీద వాళ్ళ నాన్న పాదుకలు పెట్టి, బరువు వాడి మెడ మీద పడకుండా రెండు చేతులతో పైకి పట్టుకుని తానూ వంగి తిరుగుతున్నాడు.

ఎండెక్కుతున్నకొద్దీ నాకు టెన్షన్ మొదలైంది. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుత ఒక చిన్నపాపని పొట్టన పెట్టుకుంది. నడిచేవాళ్ళ చేతికి కర్రలు ఇచ్చింది ఆ తర్వాతే. గుంపులో నడిచేవాళ్ళకి భయం లేదు. మావాడు ఒంటరిగా పరిగెత్తుతూ వస్తాడాయె.

పక్కన పలమనేరు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చోనుంది. కోడలు మెట్ల పూజ చేసుకుంటూ పోతోందట. ఈ దారిలో 3,550 మెట్లు, ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ, వంగడం, లేవడం. కోడలు పైకి చేరినట్టు ఫోనొస్తే అవ్వ బస్సెక్కి పోతుంది.

"నువ్వెవురికోసరం కాసుకోనుండావు నాయనా?"

"మా మేనల్లుడవ్వా. కొండమీంచి పరిగెత్తుకుంటా వస్తా ఉండాడు."

"ఏం మొక్కుకున్న్యాడు?"

"మొక్కేం లేదు, ఊరికే."

"ఊరికే ఎవురన్నా కొండెక్కి దిగతారా? పెండ్లయిందా?"

"ఇంకా లేదు."

"అదీ సంగతి" అని తేల్చేసింది.

షామొనీ గురించి చెప్పబోయి మానుకున్నా. ఒట్టి నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడని మాత్రం చెప్పా, వాడు నాకు నేర్పిన పాఠమే. "మజ్జిగలో ఉప్పేసి తాగమను, దానికింత చదువెందుకు" అంది. మాటల్లో ఉండగానే కోడలు గాలిగోపురం దాటిందని ఫోనొచ్చింది. అవ్వ నావైపు గర్వంగా చూసింది. మావాడి ఫోను మాత్రం మోగుతోందేగానీ ఎత్తడం లేదు.

చివరికి వచ్చాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది. మెట్లన్నీ అయ్యాక చదునుగా ఉన్నచోట కాళ్ళు తడబడ్డాయి. వాడి సంచిలో పరుగు మధ్యలో తినే నూటఇరవై రూపాయల జెల్ పొట్లాలు ఇంకా ఉన్నాయిగానీ, మా ఇంట్లో చేసి తెచ్చిన చెనిక్కాయల ఉండలు నాలుగు గబగబా మింగి, ఉప్పు నీళ్ళు తాగి బూట్లు తొడిగాడు. అవ్వ వాడి మొహంలోకి తేరిపార చూసి, "జరగతాదిలే నాయనా, కంగారు పడొద్దు" అంది. వాడికేం అర్థమైందో, "సరే అవ్వా" అని జూపార్కు రోడ్డు పట్టాడు.

చెర్లోపల్లి మీదుగా మళ్ళీ డ్యామ్ దాకా పోవాలి వాడు. నాకు ఆటో కావాలి. మొదటివాడు ఆరు వందలన్నాడు. ఆ డబ్బుతో నేను చిత్తూరు పోయి వెనక్కి కూడా రావచ్చు. బేరమాడి నాలుగు వందలకి ఒకడిని ఒప్పించా. జూపార్కు దాటాక రోడ్డు పక్కన మావాడు కనిపించాడు, తల వంచుకుని పరిగెత్తుతున్నాడు. ఆటో అబ్బాయి వేగం తగ్గించి, "ఇంత ఎండలో ఎందుకన్నా అట్లా పరిగెత్తతా ఉండాడు?" అన్నాడు.

"మొక్కు" అన్నాను.