తాయెత్తు లేని బ్లూ బీటిల్

అమలాపురంలో మోటార్లు చుట్టడం నా పని. కామిక్ వీరుల్లో నాకు ప్రాణం టెడ్ కోర్డ్. 1966లో అమెరికన్ కామిక్ చిత్రకారుడు స్టీవ్ డిట్కో సృష్టించిన ముసుగు వీరుడు బ్లూ బీటిల్ అతను. అంతకుముందు ఆ పేరు మోసిన డాన్ గారెట్‌కు మహిమగల ఈజిప్టు తాయెత్తు ఉండేది. చనిపోతూ బాధ్యతను టెడ్‌కు అప్పగించాడు. మహిమ మాత్రం దక్కలేదు. అయినా టెడ్ వెనక్కి తగ్గలేదు! పురుగు ఆకారంలో ఎగిరే వాహనాన్ని తానే కట్టుకున్నాడు. అతని తుపాకీ ప్రాణం తీయదు, కళ్లు బైర్లు కమ్మే వెలుగు చిమ్ముతుంది.

చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు కాలిపోయిందని రొయ్యల రైతు తెల్లవారుజామున పరుగెత్తుకొస్తాడు. చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళ అది. ఉన్న మోటారొకటి ఇచ్చి పంపి, మాడిన వార్నిష్ వాసనలో రాగి తీగ పీకుతుంటే టెడ్ గుర్తొస్తాడు. బ్యాట్‌మ్యాన్ గొప్పవాడే, కాదనను. నా ఓటు మాత్రం టెడ్‌కే.