తుమ్మితే నడుం పట్టేసింది, మాత్ర వేస్తే నిద్ర పట్టేసింది

పోయిన వారం వాష్‌బేసిన్ మీదకి వంగి మొహం కడుక్కుంటుంటే గట్టిగా ఒక్క తుమ్ము వచ్చింది, అంతే, నడుం కుడిపక్కన కలుక్కుమంది, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయా. మొహానికి సబ్బు, కళ్ళలో మంట, టవల్ మూరెడు దూరంలోనే వేలాడుతోంది కానీ చెయ్యి చాపితే ప్రాణం పోతోంది. బరువెత్తితే పట్టేసిందంటే చెప్పుకోడానికైనా బావుంటుంది, తుమ్మితే పట్టేసిందని ఎవరికి చెప్పుకోను.

డాక్టర్ గారు వెన్ను నొక్కి చూసి, కాళ్ళు ఒక్కోటీ పైకెత్తించి, కాళ్ళలో గానీ తొడల మధ్య గానీ తిమ్మిరి ఉందా, ఒంటేలు ఆగిపోవడం లాంటిదేమైనా ఉందా అని అడిగారు. అవేం లేవు కాబట్టి కండరం బిగుసుకుందంతే అని ఐదు రోజులకి మాత్ర రాసారు, రోజుకి మూడు. స్ట్రిప్ వెనక పారాసిటమాల్ 500 ఎంజీ, క్లోర్‌జోక్సజోన్ 250 ఎంజీ అని ఉంది. మొదటిది నొప్పికి, రెండోది మజిల్ రిలాక్సెంట్, అంటే కండరాల బిగువు తగ్గించే మందు.

నేనేమనుకున్నానంటే ఈ రెండోది తిన్నగా నడుం దగ్గరికెళ్ళి బిగుసుకున్న చోటు పట్టుకుని వదులు చేస్తుందని. తీరా చదివితే అది కండరం జోలికే పోదు! దాని పనంతా వెన్నుపాములో, మెదడులో. నొప్పి పుడితే కండరం బిగుస్తుంది, బిగిస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది కదా, ఆ బిగుసుకో బిగుసుకో అనే సంకేతాలు వెన్నుపాములో తిరిగే దారిని ఇది మందగింపజేస్తుందన్నమాట. పనిలో పనిగా మెదడుని కూడా జోకొడుతుంది. ఈ రకం మందులతో వచ్చే ఉపశమనంలో కొంత వాటా ఆ మత్తుదే అయ్యుండొచ్చని మందు కాగితంలోనే ఉంది. నా సంగతి చెప్పాలంటే మొదటి మాత్ర వేసుకున్న గంటకి ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చున్నా, ఎవరో నా పేరు మూడుసార్లు పిలిచారట, నాకు నాలుగోది వినపడింది. బండి నడపొద్దు అని ఎందుకు రాస్తారో అప్పుడర్థమైంది.

రెండోరోజు పొద్దున ఇంకో షాక్, ఒంటేలు నారింజ రంగులో వచ్చింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, క్లోర్‌జోక్సజోన్ శరీరంలో విరిగాక వచ్చే పదార్థం వల్ల కొందరికి అలా నారింజగానో ఎర్రటి ఊదాగానో రావొచ్చు, దానివల్ల నష్టం లేదు అన్నారు. కాకపోతే కళ్ళు పచ్చబడినా, వాంతులు, కడుపులో కుడివైపు నొప్పి లాంటివి ఉన్నా వెంటనే మానేసి రమ్మన్నారు, ఎందుకంటే ఇది అరుదుగానైనా లివర్‌ని గట్టిగా దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

లివర్ అనగానే మా చెల్లి రంగంలోకి దిగింది. నేనేమో తుమ్ములంటే జలుబేగా, ఒళ్ళు కూడా వెచ్చగా ఉంటే ఇంట్లో ఉన్న 650 ఎంజీ జ్వరం మాత్ర ఆరేసి గంటలకోటి వేసుకుంటున్నా, ఆ ముక్క డాక్టర్‌కి చెప్పలేదు, అడగలేదు కదా అని. "అన్నయ్యా, రెండిట్లోనూ పారాసిటమాలే కదా, చూసుకోవా?" అంది. లెక్కేస్తే మూడు 500లు 1500, నాలుగు 650లు 2600, మొత్తం 4100. పెద్దవాళ్ళకి రోజుకి గరిష్ఠం 4000 ఎంజీ. నేను వేరువేరు రోగాలకి వేరువేరు మందులు అనుకుంటున్నా, లివర్‌కి మాత్రం అన్నీ ఒకే ఖాతాలో పడుతున్నాయి. తాగే అలవాటున్నవాళ్ళకైతే ఇంకా ప్రమాదం, మత్తు రెట్టింపు కావడం ఒకటి, లివర్ మీద బరువు ఇంకొకటి. ఆ పూటే 650 మానేసా.

మా కొలీగ్ ఒకాయన వాడేది వేరే జోడీ, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు, థయోకోల్చికోసైడ్ అనే ఇంకో మజిల్ రిలాక్సెంట్. ఆ ఎసిక్లోఫెనాక్ కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి పడదు. థయోకోల్చికోసైడ్ విషయంలో యూరప్ మందుల ఏజెన్సీ 2013లోనే నోటి ద్వారా అయితే ఏడు రోజులు మించొద్దు, గర్భిణులు వాడొద్దు అని చెప్పింది. ఈయన మెడ పట్టేసినప్పుడల్లా పాత చీటీ తీసి తెచ్చుకుంటాడు, చెప్తే నవ్వుతాడు.

ఇంకో మాట, ఉత్త నడుం నొప్పికి పారాసిటమాల్ వేసుకున్నవాళ్ళూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళూ దాదాపు ఒకే టైంలో కోలుకున్నారని 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మరి నాకు తగ్గింది మాత్రతోనా, వేడి కాపడంతోనా, మంచమెక్కకుండా ఇంట్లోనే అటూ ఇటూ నడవడంతోనా, లేక దానంతటదేనా? చెప్పలేను. నాలుగో రోజుకి బూట్ల లేసులు నేనే కట్టుకున్నా, డాక్టర్ గారు సరే అంటే ఐదో రోజు మాత్రలు మానేసా. మిగిలినవి కొలీగ్ అడిగాడు, ఆయన రోజూ బండి మీద వస్తాడు, ఇవ్వలేదు.

నిన్న మళ్ళీ తుమ్మొచ్చింది. రెండు చేతులూ గోడకి ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి రెడీ అయ్యాక రాకుండా వెనక్కి పోయింది.