‘పగిలింది’ అంటే అబద్ధమా?

గ్లాసు చేయి తగిలి కిందపడితే తెలుగింట్లో పిల్లలు ‘గ్లాసు పగిలింది’ అంటారు. అదే మాట బడిలో ‘ఇట్ బ్రోక్’ అయితే, ఇంగ్లీషు టీచరు చెవికి అది తప్పించుకునే మాటలా వినబడుతుంది. ఇంగ్లీషులో పొరపాటున జరిగినా ‘ఐ బ్రోక్ ఇట్’ అనడం మామూలే. సరే అని దాన్ని తెలుగులోకి తెచ్చి అమ్మమ్మకి ఫోన్లో ‘గ్లాసు పగలగొట్టాను’ అంటే, కోపమొచ్చి విసిరికొట్టాడేమో అని ఆవిడ కంగారు. రెండు చోట్లా చెప్పింది నిజమే.

మనస్తత్వ పరిశోధకులు కెయిట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ 2011లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడానే పట్టింది. కావాలని చేసిన పనుల దగ్గర ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకూ స్పానిష్ మాట్లాడేవాళ్లకూ మధ్య తేడా లేదు. పొరపాటున జరిగినవాటిని మాత్రం ఇంగ్లీషు వాళ్లు ‘ఫలానా మనిషి చేశాడు’ అని ఎక్కువగా చెప్పారు, ఆ చేసిందెవరో కూడా బాగా గుర్తుపెట్టుకున్నారు. ఈ విషయంలో మన తెలుగు స్పానిష్ పక్కన కూర్చుంటుంది.

కాబట్టి పిల్లల్ని దబాయించేముందు జంట మాటలు నేర్పాలి: పగిలింది–పగలగొట్టాను, ఒలికింది–ఒలకబోశాను, చిరిగింది–చింపాను, పోయింది–పారేసుకున్నాను. వీటి మధ్యన నిలబడే వాక్యమే అసలు పనికొచ్చేది: ‘నా చెయ్యి తగిలి పగిలింది.’ ఇందులో చేసిందెవరో ఉంది, కావాలని చెయ్యలేదనీ ఉంది. పిల్లలు ఉత్త ‘పగిలింది’ అన్నప్పుడు ‘ఎవరు పగలగొట్టారు?’ అని గద్దించకుండా ‘ఏం తగిలి పగిలింది?’ అని అడగండి. మొదటి ప్రశ్నకి వచ్చేది చాలాసార్లు ‘నేను కాదు’. రెండోదానికి జరిగింది బయటికొస్తుంది.

ఇంకో చిక్కు ‘అబద్ధం’ అనే మాటతోనే. మనం ఆశ్చర్యపోయి ‘అబద్ధం! నిజంగానా?’ అంటే అవతలివాళ్లు నవ్వుతారు. పిల్లలు దాన్నే తోటివాళ్లతో ‘యు ఆర్ లయింగ్’ అన్నారో, గొడవే. ఇంగ్లీషులో అది నిందే. ఆ చోట ‘నో వే’ అనాలని ముందే చెప్పి ఉంచాలి.

తెలుగు చేతిలో ఒక మంచి పనిముట్టుంది, వాక్యం చివరి ‘ట’. ‘వాడు నన్ను తిట్టాడు’ అంటే నేను విన్నాను. ‘తిట్టాడట’ అంటే ఎవరో చెప్పారు. ఇంగ్లీషు ముందొచ్చిన పిల్లల నోట ముందు జారిపోయేది ఇదే. దాంతో విన్న కబురు కూడా కళ్లారా చూసినట్టే వస్తుంది, పెద్దవాళ్లు అనవసరంగా తగువుకి దిగుతారు. రాత్రి బడి సంగతులు చెబుతున్నప్పుడు, అనుమానమున్న వాక్యం దగ్గర ‘నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?’ అని ఆపి అడిగితే చాలు. వ్యాకరణ పాఠం అక్కర్లేదు.

ఇక మన సంగతి. ‘చూద్దాంలే’ అంటే ‘కాదు’ అని పెద్దవాళ్లకు తెలుసు గనక వాళ్ల మధ్య అది మర్యాద. ఆరేళ్ల పిల్లకు తెలియదు గనక అది మోసం. ఫోన్లో మాట్లాడుతూ మనం పారేసే ‘ఆఁ’ కూడా అంతే. మనకది ‘వింటున్నా’, వాళ్లకది అనుమతి. చూద్దాం అన్నప్పుడు ఎప్పటికి చూస్తామో కూడా చెప్పాలి: ‘శనివారం పొద్దున చెప్తాను.’ ఆ పొద్దున కాదనే చెప్పినా సరే, చెప్పాలి. శనివారం దాటవేస్తే మళ్లీ ‘చూద్దాం’ దగ్గరికే వచ్చినట్టు.

అబద్ధమాడి చెడిపోయినవాళ్ల కథలు చెబుతుంటాం గానీ, వాటి మీద ఆశ పెట్టుకోకండి. పిల్లల అబద్ధాల మీద పరిశోధించే కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో 3–7 ఏళ్ల పిల్లలకు అలాంటి కథలు చదివితే నిజం చెప్పడం పెరగలేదు. తప్పు ఒప్పుకుని మెప్పు పొందిన పిల్లాడి కథ విన్నవాళ్లలో పెరిగింది. ‘నా చెయ్యి తగిలింది’ అన్న వెంటనే తిట్లు పడితే, రేపటి నుంచి మళ్లీ ఉత్త ‘పగిలింది’ వినాల్సిందే. ముందు ‘చెప్పావు, మంచిపని చేశావు’ అనండి, గాజుముక్కలు కలిసి ఏరండి, జాగ్రత్తల మాట ఆ తర్వాత.

ఫోన్ మోగినప్పుడు ‘నాన్న లేరని చెప్పు’ అని పిల్లల చేతికివ్వడం మాత్రం మానుకోవాలి. ‘నాన్న ఇప్పుడు మాట్లాడలేరు, తర్వాత చేస్తారు’ అన్నా ఆ ఫోన్ అలాగే తప్పుతుంది. తర్వాత నిజంగా చెయ్యాలి, అంతే.