97,800ని 67.4తో భాగిస్తే వచ్చేది దేని వయసు?

విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లని అందరం వింటుంటాం. ఆ లెక్క కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. ముందు అది వేసి చూద్దాం. విశ్వానికి మొదలుందా, ఎప్పటినుంచో ఉన్నదా అనే వాదనల్లో సగం గందరగోళం ఈ సంఖ్య దేన్ని కొలుస్తుందో చూడకపోవడం వల్లే పుడుతోంది.

గెలాక్సీ ఎంత దూరాన ఉంటే అంత వేగంగా మననుంచి జరిగిపోతోంది. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం దూరం ఒక్కో మెగాపార్సెక్ పెరిగితే ఆ వేగం సెకనుకు 67.4 కిలోమీటర్లు పెరుగుతుంది. మెగాపార్సెక్ అంటే 3.086 × 10¹⁹ కిలోమీటర్లు. సెకనుకు ఒక్క కిలోమీటరు చొప్పున నడిస్తే ఆ దూరానికి 97,800 కోట్ల ఏళ్లు పడుతుంది. దాన్ని 67.4తో భాగించండి: 1,451 కోట్లు. విస్తరణ వేగం ఎప్పుడూ ఒకేలా ఉంటే వయసు అదే. కానీ మొదట పదార్థపు గురుత్వాకర్షణ దానికి కళ్లెం వేసింది, గత ఐదారు వందల కోట్ల ఏళ్లుగా విస్తరణకు వేగం పెంచే, ఏమిటో ఇంకా తెలియని డార్క్ ఎనర్జీ తోస్తోంది. రెండింటినీ కలుపుకుంటే 0.95తో గుణించాలి. అలా వచ్చిందే 1,380.

ఆ గుణకం తప్పితే లెక్క ఎలా బోల్తా కొడుతుందో చూడండి. డార్క్ ఎనర్జీని వదిలేస్తే గుణకం 2/3, వయసు 967 కోట్లు. మన పాలపుంతలోనే 1,200 కోట్లు దాటిన నక్షత్ర గుచ్ఛాలున్నాయి మరి! 1998లో సూపర్‌నోవాల (పేలే నక్షత్రాల) పరిశీలనతో విస్తరణ వేగం పుంజుకుంటోందని తేలితే గానీ ఆ చిక్కు వీడలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు 1929 నాటిది. అప్పుడు ఖగోళ శాస్త్రవేత్త హబుల్ కొలిస్తే 67.4 స్థానంలో వచ్చిన సంఖ్య దాదాపు 500. భాగిస్తే 196 కోట్లు. రేడియోధార్మిక క్షయాన్ని బట్టి చూస్తే భూమి వయసే అంతకు మించింది. దూరాల కొలతకు వాడే, వెలుగు క్రమబద్ధంగా పెరిగి తగ్గే సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని వాల్టర్ బాడే తేల్చి, 1952లో దూరాలను రెట్టింపు చేసేదాకా ఇది వెంటాడింది.

అందుకే 1948లో హాయిల్, బోండీ, గోల్డ్ తెచ్చిన స్థిరస్థితి సిద్ధాంతాన్ని వింత ఊహగా కొట్టిపారేయలేం. విశ్వం విస్తరిస్తూనే ఉంటుంది, ఖాళీలో కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది, కాబట్టి సాంద్రత మారదు, మొదలూ అక్కర్లేదు. నేటి సాంద్రతతో లెక్కకడితే ఘనపు మీటరుకు వంద కోట్ల ఏళ్లకు ఒక హైడ్రోజన్ పరమాణువు చాలు. ఏ ప్రయోగశాల పట్టుకుంటుంది దాన్ని?

దాన్ని పడగొట్టినవాటిలో 1965లో పెంజియాస్, విల్సన్ కనుగొన్న మైక్రోవేవ్ నేపథ్య వికిరణం (తొలినాటి వేడి మిగిల్చిన, ఆకాశమంతా నిండిన వికిరణం) అందరికీ తెలుసు. హీలియం లెక్క అంతగా తెలియదు. మొదటి కొన్ని నిమిషాల్లో ఒక న్యూట్రాన్‌కు ఏడు ప్రోటాన్లు మిగిలాయి. అంటే పదహారు కణాల్లో రెండు న్యూట్రాన్లు, పద్నాలుగు ప్రోటాన్లు. ఆ రెండు న్యూట్రాన్లూ రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకం. పదహారులో నాలుగు, అంటే బరువులో 25 శాతం. నక్షత్రాలు పెద్దగా కలుషితం చేయని గెలాక్సీల్లో కనిపించేదీ దాదాపు అంతే. నక్షత్రాలు మాత్రమే వండితే అంత హీలియం రాదని 1964లో లెక్కకట్టి చూపినవారిలో హాయిల్ కూడా ఉన్నాడు!

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటి. స్థిరస్థితిలో అయితే ఆ నేపథ్య వికిరణపు ఉష్ణోగ్రత ఎప్పుడూ ఒకటే ఉండాలి. విశ్వం చల్లబడుతూ వచ్చిందంటే మాత్రం రెడ్‌షిఫ్ట్ 2.34 దగ్గర, అంటే విశ్వంలో దూరాలు ఇప్పటికన్నా 3.34 రెట్లు తక్కువగా ఉన్న కాలంలో, అది నేటి 2.725 × 3.34, అంటే 9.1 కెల్విన్ ఉండాలి. దీన్ని కొలవాలంటే క్వేజార్‌కు (చాలా దూరాన అత్యంత ప్రకాశంగా వెలిగే గెలాక్సీ కేంద్రానికి) అడ్డంగా ఉన్న వాయుమేఘంలో కార్బన్ పరమాణువులు ఏ శక్తిస్థాయిలో ఎన్ని ఉన్నాయో వర్ణపటంలో చూడాలి. పరమాణువుల ఢీలు, దగ్గరి నక్షత్రాల కాంతి కూడా వాటిని పై స్థాయికి తోస్తాయి. ఆ వాటా తీసేయకపోతే వచ్చేది ఉష్ణోగ్రతకు గరిష్ఠ పరిమితి మాత్రమే. 2000లో శ్రీఆనంద్, పెటిట్‌జాన్, లెడూ ఆ పని చేసి 6, 14 కెల్విన్ల మధ్య ఉందని తేల్చారు. తర్వాత కార్బన్ మోనాక్సైడ్‌తో రెడ్‌షిఫ్ట్ 2.42 దగ్గర కొలిస్తే 9.15 వచ్చింది, అక్కడ ఉండాల్సింది 9.3. శ్రీఆనంద్ పనిచేసేది పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో. ఆ సంస్థను స్థాపించిన నార్లీకర్ స్థిరస్థితి పక్షాన చివరిదాకా నిలబడిన శాస్త్రవేత్త.

ఇంతవరకు తేలింది ఒక్కటే: 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉంది. అదే మొదలని ఈ కొలతలేవీ చెప్పవు. హీలియం మనల్ని మొదటి సెకను దాకా తీసుకెళ్తుంది. కణాలను ఢీకొట్టించే కొలైడర్ ప్రయోగాల్లో చూసిన భౌతికశాస్త్రం 10⁻¹² సెకను దాకా. ఆ వెనక ఉన్నదంతా సమీకరణాలను పొడిగించడమే. (432 కోట్ల ఏళ్ల కల్పాన్ని దీనికి ముడిపెట్టే పోస్టులు వస్తుంటాయి. 1,380 దానికి మూడు రెట్ల పైన, ఏ రకంగానూ అతకదు.)

పెన్‌రోజ్, హాకింగ్ సిద్ధాంతం మొదలును నిరూపించిందంటారు. అందులో గురుత్వాకర్షణ ఎప్పుడూ లాగుతుందనే షరతు ఉంది. డార్క్ ఎనర్జీ ఆ షరతును పాటించదు. 2003 నాటి బోర్డ్, గూత్, విలెన్‌కిన్ సిద్ధాంతానికి ఆ షరతు అక్కర్లేదు. సగటున విస్తరిస్తూ వచ్చిన విశ్వాన్ని వెనక్కి అనంతంగా పొడిగించలేమంటుంది. గమనించాల్సింది "విస్తరిస్తూ వచ్చిన" అన్న మాటే. అంతకుముందు విశ్వం కుంచించుకుంటూ వచ్చి ఉంటే ఇది వర్తించదు. గురుత్వాకర్షణకు క్వాంటమ్ నియమాలను వర్తింపజేసే, అశ్తేకర్ వంటివారి లూప్ క్వాంటమ్ కాస్మాలజీలో సాంద్రత ప్లాంక్ సాంద్రతలో (క్వాంటమ్ ప్రభావాలు పైచేయి సాధించే సాంద్రతలో) 0.41 వంతుకు చేరగానే కుంచించుకుపోవడం ఆగి, విశ్వం తిరిగి విచ్చుకుంటుంది.

అలా కుంచించుకుని విచ్చుకునే చక్రాలు అనాదిగా నడిచాయంటే ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) అడ్డొస్తుంది. ప్రతి చక్రంలో అది పెరిగి, తర్వాతి చక్రం పొడవవుతుందని 1930లలోనే టోల్మన్ చూపాడు. వెనక్కి వెళ్లేకొద్దీ చక్రాలు చిన్నవైపోయి మళ్లీ మొదలు దగ్గరే తేలతాం. స్టైన్‌హార్ట్, టురోక్ నమూనాలో విస్తరణ ఆ ఎంట్రోపీని పలచన చేస్తుంది. దానికి బదులుగా అది పరీక్షకు దొరికిపోతుంది: ఆదిమ గురుత్వ తరంగాల జాడ కొలవగలిగినంత ఉండకూడదు. బైసెప్, కెక్ పరికరాలు 2021లో పెట్టిన హద్దు ప్రకారం ఆ తరంగాల బలాన్ని చెప్పే టెన్సర్-స్కేలార్ నిష్పత్తి 0.036 కన్నా తక్కువ. జపాన్ తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం 0.001 స్థాయికి గురిపెట్టింది. అక్కడ జాడ కనిపిస్తే ఈ చక్రాల నమూనా పోతుంది. కనిపించకపోతే మాత్రం ఎవరూ నెగ్గినట్టు కాదు, ఎందుకంటే అంతకన్నా తక్కువ విలువలిచ్చే ఇన్‌ఫ్లేషన్ నమూనాలు (విశ్వం తొలి క్షణంలో విపరీత వేగంతో ఉబ్బిందనేవి) బోలెడున్నాయి.